మూడుసార్లు మార్చిన హారన్

ఇది 2023 జనవరిలో మొదలైన సంగతి. పర్చూరులో, చిలకలూరిపేట నుంచి చీరాల వెళ్ళే రోడ్డు పక్కన నా షాపు. బోర్డు మీద ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్ అని ఉంటుంది. బండిలో ఇంజను మెకానిక్‌ది, రంగు పెయింటరుది, కరెంటు తగిలేదంతా నాది. బ్యాటరీ, లైట్లు, వైపర్లు, హారన్. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. ఎన్నో బండ్లు చూశాను, చాలావాటిని మర్చిపోయాను. సుబ్బారావుగారి కారు మాత్రం మర్చిపోలేదు. ఆ కేసులో నేను తప్పు చేశాను. ఆ తప్పు వల్ల పాలు పితికి బతికే ఒక మనిషికి కుడి మణికట్టు విరిగింది. అందుకే రాస్తున్నాను.

ఇదే స్థలంలో మా నాన్నది సైకిల్ షాపు. నేను మొదట నేర్చుకున్న కరెంటు పని సైకిల్ డైనమో రిపేరు. డైనమో అంటే టైరుకు ఆనుకుని తిరుగుతూ ముందు లైటుకు కరెంటు పుట్టించే బుడ్డి. సైకిల్ ఆగితే లైటు కూడా ఆరిపోయేది. సైకిళ్ళ కాలంలో జనమంతా బుద్ధిమంతులని నేనేమీ అనను. ఒక సైకిల్ మీద ముగ్గురు ఎక్కేవాళ్ళు, బ్రేకుల్లేకుండా తిరిగేవాళ్ళు. కానీ ఇద్దరు గుద్దుకుంటే ఇద్దరికీ మోకాళ్ళు చెక్కుకుపోయేవి. ఆ భయం ఇద్దరికీ సమానంగా ఉండేది. పైగా ఎదుటివాడి మొహం కనబడేది. "ఏమనుకోకు బావా" అని ఒకడంటే, "చూసుకోవద్దా" అని ఇంకొకడు అనేవాడు. గొడవ అక్కడితో సరి.

ఇప్పుడు ఒకడు అద్దాలెత్తుకుని ఏసీలో కూర్చుంటాడు, ఇంకొకడు దుమ్ములో తొక్కుతుంటాడు. దెబ్బ తగిలేది ఒకడికే. లోపలివాడు బయటివాడితో మాట్లాడాలంటే హారన్ ఒకటే నోరు. ఆ నోటితో వాడు అనేది ఒకటే మాట, తప్పుకో అని. ఆదివారం వచ్చిందంటే వాడరేవు బీచికి పోయే కార్లు నా షాపు ముందు నుంచే పోతాయి. పొద్దున పోతూ హారన్, సాయంత్రం వస్తూ హారన్. కాస్త ఆలస్యమైతే సముద్రం లేచి ఎక్కడికో వెళ్ళిపోతుందన్నట్టు! ముందు గేదె ఉన్నా కొడతారు, గేటు పడి ఉన్నా కొడతారు, ఎవరూ లేకపోయినా కొడతారు. హారన్లు బిగించి అన్నం తినేవాణ్ణి నేనే ఇలా విసుక్కుంటున్నానంటే మిగతావాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

సుబ్బారావుగారు మాకు మూడు మైళ్ళ అవతలి ఊరి రైతు. అప్పటికి అరవై మూడేళ్ళు. మిరప వేస్తారు, కొంచెం పొగాకు. ఇంటింటికీ మోటార్ సైకిళ్ళు వచ్చాక కూడా ఆయన సైకిల్ వదల్లేదు. కోతల కాలంలో మా రోడ్ల మీద సగం దాకా మిరపకాయలు ఆరబోస్తారు. తప్పే, కానీ అందరూ చేసేదే. సైకిల్ మీద వచ్చేవాళ్ళు అక్కడ దిగి, అంచు వెంట నడిపించుకుని, కళ్ళం దాటాక ఎక్కేవాళ్ళు. అది ఇంకొకరి కష్టం, దాని మీద చక్రం పడకూడదని. అందులో సుబ్బారావుగారు మరీ పట్టింపు మనిషి. పక్కకు దొర్లిన కాయల్ని కూడా కాలితో తొయ్యకుండా వంగి చేత్తో తీసి కుప్పలో వేసి పోయేవారు. అలాంటి మనిషి ఆ ఏడు సంక్రాంతికి ముందు సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. కొన్న నెల తిరక్కుండా నా షాపు ముందు ఆపారు.

"ఏరా దాసూ, హారన్ పనిచెయ్యట్లేదురా. ఎవడూ తప్పుకోవట్లా."

నేను లోపలికి చెయ్యి పెట్టి నొక్కాను. శుభ్రంగా మోగింది. ఎదురుగా టీ బండి దగ్గర కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు.

"బానే ఉంది కదండీ."

"ఏం బావుంది? అదొక హారనా, దోమ. మంచిది వెయ్యి."

కంపెనీ హారన్ విప్పి, దాని బదులు రెండు గొంతుల హారన్ బిగించాను. దానికి కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి రిలే పెట్టాను. రిలే అంటే చిన్న స్విచ్చితో పెద్ద కరెంటును నడిపించే డబ్బా. ఆయన నొక్కి, తల ఒక పక్కకి వంచి, "ఆఁ, చూద్దాం" అన్నారు. నచ్చినట్టు లేదు. విప్పిన హారన్ ఆయనకివ్వబోతే వద్దన్నారు. షెల్ఫులో పడేశాను.

రెండు వారాలకు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇండికేటర్ వేస్తే టిక్కుటిక్కు చప్పుడు రావడం లేదట. రివర్స్ గేరు వేస్తే వెనక మోగే బజర్ కూడా పోయిందట. హారన్ అయితే మామూలే, దోమ. నేను చూస్తే ఇండికేటర్ టిక్కుమంటోంది, బజర్ మోగుతోంది. మా పనిలో ఇది పెద్ద తలనొప్పి. యజమాని ఉందన్న జబ్బు మెకానిక్ ముందు కనబడదు. దాన్ని ఇంటర్మిటెంట్ ఫాల్ట్ అంటాం, అంటే వచ్చి పోయే జబ్బు. చిక్కని దొంగలా మనం చూసినప్పుడు దాక్కుంటుంది. మూడు వేర్వేరు వస్తువులు ఒకేసారి చెడవు, మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడి ఉండాలని మా గురువు నేర్పారు. ఉమ్మడిగా ఉండేది ఎర్త్ పాయింట్, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి బాడీకి బిగించే బోల్టు. డాష్‌బోర్డు విప్పి, ఎర్త్ పాయింట్లన్నీ గీకి, కొత్త బోల్టులు వేసి, ఒక పూటంతా తలకిందులుగా పనిచేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నీ బిగించాక "చూడండి" అన్నాను. ఆయన ఇండికేటర్ వేసి, నా మొహంలోకి చూసి, "ఆఁ, నయం" అన్నారు. నేను సంతోషించాను. ఉమ్మడిగా ఉన్నది పట్టుకున్నాననుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో మూడోసారి వచ్చారు. రావడమే కోపంగా వచ్చారు.

"సైకిలోడు ఒక్కడూ కదలట్లేదురా! వాళ్ళ వెనకాల కొట్టీ కొట్టీ నా బొటనవేలు అరిగిపోతోంది. చీమకుర్తి గ్రానైట్ లారీలకు పెడతారే, అలాంటిది పెట్టు."

"ఎయిర్ హారనాండీ? కార్లకు పెట్టకూడదు. పోలీసులు పట్టుకుంటారు."

ఎయిర్ హారన్ అంటే చిన్న మోటారు గాలిని నొక్కి పొడుగాటి గొట్టాల్లోంచి వదిలేది. దగ్గర నిలబడితే పళ్ళు కూడా అదురుతాయి.

"నీకు చేతకాకపోతే చెప్పు. చిలకలూరిపేటలో పెట్టించుకుంటా. మీ నాన్నయితే ఒక్కసారికే సరిగ్గా చేసేవాడు."

నాకు ఒళ్ళు మండింది. రెండుసార్లు చేసిన పనికి పేరు రాలేదన్న ఉక్రోషం ఒకటి, మా నాన్నను మధ్యలోకి లాగారన్న కోపం ఒకటి. సరే, నీ ఖర్మ అనుకుని బిగించేశాను. తప్పని తెలిసే బిగించాను. అది మోగగానే టీ బండి ఆయన గిన్నె వదిలేశాడు. సుబ్బారావుగారు మాత్రం మొదటిసారి కాస్త తృప్తిగా తలాడించారు. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు.

సరిగ్గా ఆరో రోజు పొద్దున ఎనిమిదింటికి కారు మళ్ళీ షాపు ముందు ఆగింది. ముందు టైర్లకు నలిగిన మిరపకాయలు అంటుకుని ఉన్నాయి. వెనక సీటు మీద పాలు ఒలికిన మరకలు.

జరిగింది ఆయనే చెప్పారు. వాళ్ళ ఊరి పాల వెంకటేశ్వర్లు సైకిల్‌కి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని పర్చూరు వస్తున్నాడు. అతనికి నాలుగు గేదెలు, తనే పితుకుతాడు, తనే తెచ్చి ఇళ్ళకు పోస్తాడు. ఎడమ పక్క మిరప కళ్ళం, దాని చుట్టూ రాళ్ళు. కుడి పక్క ఎదురుగా ట్రాక్టరు. మధ్యలో సైకిల్, దాని వెనక ఈ కారు. ఈయన హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. ఆ చప్పుడుకు బెదిరి వెంకటేశ్వర్లు పక్కకు తిప్పాడు. చక్రం రాయికి తగిలింది. క్యాన్లతో సహా మిరపకాయల్లో పడ్డాడు. కుడి చెయ్యి ఒంటి కింద పడింది, మణికట్టు విరిగింది. ఈయనే ఎక్కించుకుని తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చి, అతని భార్య వచ్చాక ఇటు వచ్చారు.

"నేను గుద్దలేదురా దాసూ, కారు తగల్లేదు. అంతసేపు కొట్టా. వాడు వినలేదు. ఈ హారన్ కూడా పనికిరాదురా!"

ముందు ఆ దిక్కుమాలిన దాని నోరు మూయించాలని ఫ్యూజు బాక్సు తెరిచి హారన్ ఫ్యూజు పీకేశాను. ఫ్యూజు తీస్తే ఆ లైనుకు కరెంటే అందదు. దాన్ని చేతిలో పట్టుకుని బానెట్ ముందు నిలబడ్డాను. నేనేదో సరిచేశాననుకుని ఆయన లోపల కూర్చుని, నేను అడక్కుండానే హారన్ నొక్కారు. చడీచప్పుడూ లేదు. మళ్ళీ నొక్కారు. నా మొహంలోకి చూశారు. తల బయటికి పెట్టి అన్నారు.

"ఆఁ, ఇప్పుడు నయమేరా. ఇదేదో మొదటే చేసుంటే వాడు పడేవాడు కాదు."

ఫ్యూజు నా అరచేతిలో ఉంది. ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. కారు వెనక్కి నడిచి, మామూలు గొంతుతో "సుబ్బారావుగారూ" అన్నాను. కదల్లేదు. గట్టిగా పిలిచాను. కదల్లేదు. కిటికీ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి తిరిగారు.

హారన్, ఇండికేటర్, బజర్. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఎర్త్ పాయింట్ కాదు, ఆయన చెవులు. ఒక పూటంతా డాష్‌బోర్డు కింద దూరి బోల్టులు గీకిన నాకు, ఒక్కసారి తల పైకెత్తి మనిషిని చూడాలని తోచలేదు. నా షాపులో ఎప్పుడూ కంప్రెసర్ మోత, అందరితోనూ అరిచే మాట్లాడతాను. అసలు మా వైపు పలకరింపే పోట్లాటలా ఉంటుంది. ఇంట్లో ఆయన భార్య గొంతు నాలుగిళ్ళ దాకా వినబడుతుంది. అందరూ అరిచే చోట ఒకడికి చెవుడొస్తే బయటపడటానికి ఏళ్ళు పడుతుంది.

ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా చెప్పాను. "మీకు వినబడట్లేదండీ."

ఆయన స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చున్నారు. "ఎవరికీ చెప్పకురా" అన్నారు.

"మీకు తెలుసా ముందే?"

"తెలీకేం. మూడేళ్ళయింది. సైకిల్ మీద పోతుంటే వెనకాల వచ్చేవాళ్ళ హారన్ వినబడేది కాదు. మరీ దగ్గరకొచ్చాక గాలి తగిలేది. దాటిపోతా అద్దం దించి ఏదో అరిచేవాళ్ళు. ఏమంటున్నారో వినబడకపోయినా మొహాలు కనబడేయిగా. ఒకడు హేండిల్‌ని రాసుకుంటా పోయాడు, కాలవలో పడ్డా. దిగొచ్చి, చెవుడా అన్నాడు. పెదాలు చూస్తే తెలిసింది. నిజమేగా, ఏం చెప్తా? అప్పుడే అనుకున్నా, ఇంక సైకిల్ మీద బతకలేమని. అందుకే కారు కొన్నా."

"మరి మీకు తెలిసీ, ఆ సైకిలాయన వెనకాల అంతలా కొట్టడమెందుకండీ?"

ఆయన చెప్పిన జవాబు నేను ఊహించనిది. "వాడికీ నాలాగే ఉందేమోనని. నాకెవడూ వినబడేలా కొట్టలేదురా. కొడితే తప్పుకునేవాణ్ణిగా. అందుకే గట్టిది పెట్టమన్నా. నేను కొట్టేది నాకు వినబడితే, వాడికీ వినబడుద్దని."

నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కారొచ్చాక పొగరెక్కిందని ఊరంతా అనుకున్న మనిషి, తనకు జరిగింది ఇంకొకడికి జరగకూడదని హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ మంచితనమే తీసుకెళ్ళి వెంకటేశ్వర్లును రాళ్ళ మీద పడేసింది. జాలీ వేసింది, చిరాకూ వేసింది. చిరాకే పైకొచ్చింది.

"హారన్ పనిచెయ్యకపోతే బ్రేకు పనిచేస్తుంది కదండీ! సైకిల్ మీదుంటే కళ్ళం దగ్గర మీరే దిగేవారుగా. కారు ఆపి ఒక్క నిమిషం కూర్చుంటే ఏం పోయింది?"

"ఆపాలని తోచలేదురా" అన్నారు. అది నిజమని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

"తప్పు మీదొక్కరిదే కాదు, అది బిగించిన వాణ్ణి నేను" అన్నాను. తర్వాత తాళం తీసుకుని జేబులో వేసుకున్నాను. చెవులు పరీక్ష చేయించుకునేదాకా కారు ఇక్కడే ఉంటుందన్నాను. ఆయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. మా నాన్నను ఎరిగిన మనిషి కాబట్టి కొన్ని తిట్లు ఆయనకూ అందాయి. బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. పన్నెండు రోజులు ఆ కారు నా షెడ్డు అడ్డంగా ఆక్రమించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళంతా ఇదెవరిదని అడగడం, నేను వైరింగ్ పని ఉందని అబద్ధం చెప్పడం.

పదమూడో రోజున రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని వచ్చారు. గుంటూరు ఆసుపత్రిలో పెట్టారట. బస్సు దిగి షాపు దాకా నడిచి రావడానికే ఆయన నానా అవస్థా పడ్డారు. ప్రతి హారన్‌కూ ఉలిక్కిపడటం, వెనక్కి చూడటం. "ఇంత గోలలో ఎలా బతుకుతున్నార్రా మీరంతా?" అన్నారు. నేను ఎయిర్ హారన్ ఎప్పుడో పీకేసి, షెల్ఫులో ఉన్న పాతదాన్నే తిరిగి బిగించి ఉంచాను. ఆయన కూర్చుని నొక్కారు. నొక్కి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నారు.

"ఇదేంట్రా, ఇంత గట్టిగా ఉంది! తగ్గించు."

"తగ్గదండీ. మీరు దోమన్నది దీన్నే."

ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నెమ్మదిగా షెడ్డులోంచి బయటికి తీసి, రోడ్డు మీదికి రావడానికి ఒక సైకిల్, ఒక ఆటో, ముగ్గురు ఆడవాళ్ళు దాటేదాకా ఆగారు. వెనకాల ఒకడు ఆగకుండా హారన్ కొట్టి ఏదో అరుస్తూ పోయాడు. సుబ్బారావుగారు కిటికీలోంచి నా వైపు తిరిగి, "ఏరా, మూడేళ్ళుగా నన్ను తిట్టింది ఇవేనా?" అని అడిగారు. "ఇవేనండీ" అన్నాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక వెంకటేశ్వర్లు ఇంటికి వెళ్ళాను. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. భార్య పితుకుతోంది. మూడు గేదెలు ఆమె చేతికి అలవాటు పడ్డాయి, నాలుగోది చేపడం లేదు, పాలు వదలట్లేదు. అతను పక్కన నిలబడి దాన్ని పేరుపెట్టి పిలుస్తూ నిమురుతున్నాడు. నిండిన క్యాన్లు వాకిట్లో సుబ్బారావుగారి కారులో ఎక్కుతున్నాయి. కట్టు విప్పేదాకా పొద్దునా సాయంత్రం పాలు పర్చూరు చేర్చే పని ఆయనే పెట్టుకున్నారు.

"ఆ హారన్ నువ్వు పెట్టిందేనా దాసన్నా?" అని అడిగాడు వెంకటేశ్వర్లు.

"నేనే. తప్పయింది. తీసేశాను."

"మంచిది" అన్నాడు. గేదెను నిమురుతూనే, "మిగతావాళ్ళవి?" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్కపెట్టుకోవడానికి కూడా భయపడ్డాను. చీరాల నుంచి చిలకలూరిపేట దాకా ఆ రోడ్డు మీద నా చేత్తో బిగించినవి ఎన్ని తిరుగుతున్నాయో నాకే తెలియదు.

అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. ఎవరైనా చప్పుడు గురించి ఫిర్యాదు తెస్తే, బానెట్ ఎత్తే ముందు వాళ్ళ వెనక నిలబడి మామూలు గొంతుతో ఒకసారి పిలుస్తాను. ఇంకో ఇద్దరు అలా దొరికారు. రెండోది, ఎయిర్ హారన్ కావాలని వచ్చినవాణ్ణి బంపరు ముందు నిలబెట్టి, మామూలు హారనే ఆగకుండా అర నిమిషం నొక్కుతాను. తట్టుకోలేక పక్కకు పోతారు. ఇంతకు పదింతలుంటుందది, నేను పెట్టను అంటాను. వాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, ఇంకోచోట పెట్టించుకుని, నా షాపు ముందు నుంచే కొట్టుకుంటూ పోతారు. నా వల్ల రోడ్డు బాగుపడిందని అబద్ధం చెప్పను.

నాకూ ఇప్పుడు కారుంది. మొన్న కోతల కాలంలో మా ఆవిణ్ణి చీరాలలో దింపాలని బయల్దేరాను, ఆలస్యమైంది. కళ్ళం పక్కన రోడ్డు సన్నబడ్డ చోట ముందు ఒక సైకిల్, రెండు క్యాన్లు, నెమ్మదిగా పోతోంది. నాకు తెలియకుండానే నా చెయ్యి హారన్ మీద పడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇదంతా తెలిసిన నేను, ఆ హారన్ బిగించిన నేను! సైకిల్ మీది మనిషి వెనక్కి తిరగలేదు. సైకిల్ ఆపి, దిగి, దాన్ని రాళ్ళ వైపు ఆనించి నిలబడ్డాడు. కుడి చెయ్యి పైకెత్తి, పొమ్మని ఊపాడు. ఆ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు, వంకరగానే అతుక్కుంది. నేను బ్రేకు వేసి అక్కడే ఆగిపోయాను. అతను ఇంకా పొమ్మని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.